సేవకు చదువు నేర్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

రోగి మంచం పక్కన కూర్చుండి నుదుట తడిగుడ్డ వేయడానికి చదువెందుకని మన పెద్దలలో కొందరు అడుగుతుంటారు. మనసులో దయ ఉంటే చాలునని వారి ఉద్దేశం. దయ లేనిదే సేవ లేదన్న మాట నిజమే. కాని పురిటి మంచం మీద ఉన్న తల్లికి రక్తస్రావం ఆగని వేళ చుట్టూ ఉన్నవారి కన్నీరు ఆమెను బ్రతికించలేదు. ఏమి చేయాలో తెలిసిన చేయి ఒక్కటి అక్కడ ఉండాలి. ఆ చేయికి శిక్షణ కావాలి, శిక్షణకు చదువు కావాలి, చదువు మధ్యలో ఆగిపోయినవారికి మళ్లీ మొదలుపెట్టే అవకాశం కావాలి. ఈ మూడింటినీ ఒక వరుసలో చూడగలిగిన మహనీయురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

మన పాఠశాల 75 సంవత్సరాలు పూర్తి చేసుకున్న ఈ శుభ సందర్భంలో ఆమె జీవితాన్ని స్మరించుకోవడానికి ఒక కారణం ఉంది. మన బళ్లారి సీమలో తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డల తల్లిదండ్రులను ఒక దిగులు వెంటాడుతూ ఉంటుంది. కన్నడ రాష్ట్రంలో తెలుగు చదువు చదివిన పిల్లకు రేపు ఏ దారి దొరుకుతుందన్నదే ఆ దిగులు. పెండ్లి కారణంగానో, ఇంటి ఇబ్బందుల వల్లనో చదువు ఆపివేసిన ఆడబిడ్డల విషయంలో ఆ దిగులు రెట్టింపవుతుంది. దుర్గాబాయి కూడా ఒకనాడు అటువంటి బిడ్డయే. ఇరవయ్యేళ్లు దాటేనాటికి ఆమె చేతిలో చూపుకోదగిన పట్టా ఒక్కటీ లేదు.

బాల్యం

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. తండ్రి సేవాతత్పరుడు. ఆపదలో ఉన్నవారికి చేయూతనివ్వడం ఆ ఇంటి అలవాటు. ఆయన పిన్న వయస్సులోనే కన్నుమూశారు. ఇంటి బరువు తల్లి మీద పడింది. ఆమె ధైర్యవంతురాలు. తరువాతి కాలంలో కుమార్తెతో పాటు స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నారు.

ఆనాటి ఆచారం ప్రకారం దుర్గాబాయికి ఎనిమిదవ యేటనే ఒక జమీందారు కుటుంబానికి చెందిన సుబ్బారావుతో వివాహం జరిగింది. ఊహ తెలిసిన తరువాత, తన మనసు సంసారజీవితం మీద లేదని, ప్రజాసేవ మీదనే ఉందని గ్రహించి, ఆ సంగతి భర్తకు స్పష్టంగా తెలియజేశారు. పరస్పర అంగీకారంతో ఆ బంధం నుండి విడివడ్డారు. ఆ కాలంలో పదిహేనేళ్ల పిల్ల ఈ నిర్ణయం తీసుకోవడం ఎంతటి సాహసమో ఊహించుకోవచ్చు. ఏండ్ల తరువాత ఆయన మరణించినప్పుడు, ఆయన రెండవ భార్య నిరాధారురాలైంది. దుర్గాబాయి ఆమెను చేరదీసి, చేతిపని నేర్పించి, తన బ్రతుకు తాను బ్రతికేలా నిలబెట్టారు. కేవలం అన్నం పెట్టి ఊరుకోక, అన్నం సంపాదించుకునే విద్య చూపడం ఆమె స్వభావం.

కాకినాడ రోజులు

సహాయ నిరాకరణోద్యమ కాలంలో పన్నెండేళ్ల దుర్గాబాయి ఆంగ్ల విద్యను బహిష్కరించి బడి మానివేశారు. బడి మానినంత మాత్రాన చదువు మానలేదు. హిందీ నేర్చుకొని, నేర్చుకున్నది ఇరుగుపొరుగు ఆడపిల్లలకు, గృహిణులకు చెప్పసాగారు. ఆ విధంగా వెలసినదే బాలికా హిందీ పాఠశాల. పన్నెండేళ్ల పిల్ల స్వయంగా ఉపాధ్యాయురాలై పాఠశాల నడపడం చూచి పెద్దలు ఆశ్చర్యపడ్డారు.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చారు. సభలకు రాలేని దేవదాసీలు, ఘోషా స్త్రీలు గాంధీజీని చూసి ఆయన మాట వినాలని దుర్గాబాయి సంకల్పించారు. స్థానిక నాయకులు 5,000 రూపాయల నిధి సమకూరిస్తే కొద్ది నిమిషాలు వ్యవధి ఇప్పిస్తామన్నారు. ఆమె ఆ స్త్రీల వద్దకే వెళ్లి విషయం చెప్పగా, వారే ఆ సొమ్ము కూడబెట్టారు. సభ జరిగింది. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీజీ చాలాసేపు మాట్లాడారు. స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. అక్కడ ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించినది దుర్గాబాయియే. ఆ అనువాదం గాంధీజీకి నచ్చి, తరువాతి సభకు కూడా ఆమెనే అనువాదకురాలిగా తీసుకొనివెళ్లారు.

ఈ సంఘటనలో ఆమె భావి జీవితం బీజప్రాయంగా కనిపిస్తుంది. సమాజం దూరంగా ఉంచిన స్త్రీల వద్దకు తానే వెళ్లడం, వారిని యాచకులుగా కాక పనిలో భాగస్వాములుగా చూడడం, పని పూర్తయ్యే వరకు విడువకపోవడం ఆమెకు ఆనాడే అలవడ్డాయి.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద ఆమె స్వచ్ఛంద సేవికగా నిలిచారు. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపరాదన్నది ఆమెకిచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చారు. ఆమె ఆయననూ ఆపారు. నిర్వాహకులు వచ్చి టిక్కెట్టు కొని ఇచ్చిన తరువాతనే లోపలికి వదిలారు. నెహ్రూ నొచ్చుకోకపోగా ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నారు. మూడు దశాబ్దాల తరువాత భారత ప్రధానిగా ఆయన దేశ సంక్షేమ కార్యక్రమాల భారాన్ని ఆమె చేతిలో పెట్టారు.

చెరసాల నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో టంగుటూరి ప్రకాశం ప్రభృతులతో పాటు దుర్గాబాయి సత్యాగ్రహం నడిపి అరెస్టయ్యారు. 1930, 1933 సంవత్సరాల మధ్య మూడు పర్యాయాలు కారాగార శిక్ష అనుభవించారు. ఆనాటి జైళ్ల సంగతి మన జిల్లావారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన అల్లీపురం జైలులో ఎందరో దేశభక్తులు రోజులు గడిపారు. దుర్గాబాయిని వేలూరు, మధుర జైళ్లలో ఉంచారు. మధురలో దాదాపు ఒక సంవత్సరం ఏకాంతవాసం విధించారు. ఉరిశిక్ష పడిన ఖైదీల గదులు ఆమె గదికి సమీపంలోనే ఉండేవి. ఆ కాలంలో ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది.

జైలులో ఆమె హత్యానేరం మీద శిక్షపడిన స్త్రీలను చూశారు. వారిలో చాలామందికి తమ మీది ఆరోపణ ఏమిటో, న్యాయస్థానంలో ఏమి జరిగిందో కూడా సరిగా తెలియదు. చదువు రాదు. తమ పక్షాన మాట్లాడేవారు లేరు. ఎవరో చెప్పినట్లు చెప్పి శిక్ష నెత్తికెత్తుకున్నవారు ఉన్నారు. వీరి మీద జాలిపడి ఊరుకుంటే ఒరిగేదేమీ లేదని ఆమెకు తోచింది. సహాయం చేయాలంటే న్యాయశాస్త్రం తెలియాలి. న్యాయశాస్త్రం చదవాలంటే పట్టభద్రురాలు కావాలి. పట్టా రావాలంటే ముందు మెట్రిక్యులేషన్ పరీక్ష ఉత్తీర్ణం కావాలి. తనకు అదీ లేదు.

మళ్లీ అక్షరాభ్యాసం

ఇరవయ్యేళ్లు దాటిన వయస్సులో, చెడిన ఆరోగ్యంతో, ఉద్యమంలో అప్పటికే పేరు తెచ్చుకున్న స్త్రీ చిన్నపిల్లల పుస్తకాలు ముందు పెట్టుకొని కూర్చున్నది. ఇంగ్లీషు అక్షరాల నుండి, లెక్కల నుండి ప్రారంభించవలసి వచ్చింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చొని ఉత్తీర్ణులయ్యారు. ఇంటర్మీడియెట్ పూర్తి చేశారు. ఆ తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం ఆనర్సులో చేరదలచారు. అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదన్న చిక్కు ఎదురైంది. తనవలెనే చదువగోరిన యువతులను కూడగట్టి, వసతి ఏర్పడేలా చేసి, తానూ చదివి ఇతరులకూ దారి ఏర్పరచారు. 1939లో ఆనర్సు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసి 1942లో న్యాయవాదిగా నమోదయ్యారు.

పరీక్షలలో ఆమె పొందిన స్థానాల కన్న, పడిన కష్టం నుండి ఆమె నేర్చుకున్నదే గొప్పది. చదువు ఆగిపోయిన స్త్రీకి తెలివి తక్కువ కాదు, సమయం తక్కువ. ఎనిమిది పది సంవత్సరాల బడి చదువును ఆమె ఎనిమిది పది సంవత్సరాలు చదువలేదు. అనుభవం, పట్టుదల ఉన్న పెద్దవారికి అదే చదువును తక్కువ కాలంలో, వారికి తగిన పద్ధతిలో చెప్పవచ్చునని ఆమె తన మీదనే ప్రయోగించి తెలుసుకున్నారు.

ఆంధ్ర మహిళా సభ

మద్రాసులో మైలాపూరులో ఆమె నివసించే చోట ఇరుగుపొరుగు బాలికలను చేర్చి ఆటలు, పాటలు, హిందీ నేర్పుతూ వచ్చారు. ఆ చిన్న బృందానికి ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అని పేరు. దాని నుండి 1937లో ఆంధ్ర మహిళా సభ ఆవిర్భవించింది. సభ చేపట్టిన తొలి కార్యాలలో ముఖ్యమైనది, బడికి దూరమైన స్త్రీలను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేయడం. వారిలో బాలవితంతువులు, భర్తకు దూరమైనవారు, పేద గృహిణులు ఉండేవారు. తాను నడిచిన దారినే వారినీ నడిపించారు. ‘ఆంధ్ర మహిళ’ అనే పత్రికను నడిపారు. కుట్టుపని, నేత, చేతిపనులు నేర్పే తరగతులు వెలిశాయి.

మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన స్త్రీ తరువాత ఏమి చేయాలి? ఇంటికి తిరిగి వెళితే మళ్లీ పరాధీనతే. ఉపాధ్యాయురాలిగా, నర్సుగా, దాదిగా పనిచేయగలిగితే తన జీవనం గడుస్తుంది, దేశానికి కావలసిన పనీ జరుగుతుంది. ఈ ఆలోచనతో సభ వైద్యసేవలోకి అడుగుపెట్టింది. మద్రాసులో ప్రసూతి సేవలు, ఆసుపత్రి ఏర్పడ్డాయి. అక్కడనే నర్సులకు, సహాయక నర్సు-మంత్రసానులకు శిక్షణ మొదలైంది. అవయవలోపం కలిగిన పిల్లలకు చికిత్స, వ్యాయామం, చదువు ఒకే చోట అందించే కేంద్రం కూడా వెలసింది. రోగికి చికిత్స, స్త్రీకి జీవనోపాధి ఒకే కప్పు క్రింద లభించడం ఆ సంస్థ విశేషం.

ఆనాటి పరిస్థితి తెలిస్తే ఈ పని విలువ బోధపడుతుంది. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక ప్రకారం ఆనాటి భారతదేశంలో సుమారు 6,300 మందికి ఒక వైద్యుడు ఉండగా, సుమారు 43,000 మందికి ఒక నర్సు, సుమారు 60,000 మందికి ఒక మంత్రసాని ఉండేవారు. డాక్టర్ల కొరత కన్న నర్సుల కొరత ఎన్నో రెట్లు తీవ్రంగా ఉండేది. కారణం వెదకనక్కరలేదు. నర్సు పనిని గౌరవప్రదమైన వృత్తిగా ఎంచని కాలమది. మంచి కుటుంబాల ఆడపిల్లలు పరాయివారి ఒంటి మీద చేయి వేయరాదన్న భావన పాతుకొని ఉండేది. పంపుదామన్న కుటుంబాలలోనేమో పిల్లకు తగిన చదువు లేదు. దుర్గాబాయి ఈ రెండు సంకెళ్లను కలిపి తెంచదలచారు.

ఢిల్లీలో

1946లో ఆమె మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అధ్యక్షుల పట్టికలో స్థానం పొందిన ఏకైక మహిళ ఆమెయే. రాజ్యాంగ చర్చలలో విరివిగా పాల్గొని ఎన్నో సవరణలు ప్రతిపాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు 35 నుండి 30కి తగ్గాలన్న సవరణ వాటిలో ఒకటి.

1952 ఎన్నికలలో ఆమె ఓడిపోయారు. రాజకీయ జీవితంలో అది పెద్ద దెబ్బయే. కాని ఆ ఓటమియే ఆమెను తన అసలు పనికి చేర్చింది. అదే సంవత్సరం ఆమె ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యారు. సాంఘిక సంక్షేమం ఆమె శాఖ. దేశమంతటా అనాథశరణాలయాలు, ప్రసూతి కేంద్రాలు, వికలాంగుల పాఠశాలలు నడుపుతున్న స్వచ్ఛంద సంస్థలు చందాల మీద ఆధారపడి బ్రతుకుతున్నాయి. వాటికి తోడ్పడడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ ధనాన్ని వినియోగించడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దానికి ప్రథమ అధ్యక్షురాలు దుర్గాబాయి. అదే సంవత్సరం జనవరి 22న ఆమె అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. నెహ్రూ ఆ వివాహానికి సాక్షిగా సంతకం చేశారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరుగా పనిచేసిన దేశ్‌ముఖ్ ఆమె సేవాకార్యాలకు జీవితాంతం తోడుగా నిలిచారు.

ఆ 1953వ సంవత్సరం మన బళ్లారికి కూడా మరపురానిది. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్లారి పట్టణంతో కూడిన భాగం మైసూరులో కలిసింది. ఇక్కడి తెలుగువారు ఒక్క రోజులో భాషా అల్పసంఖ్యాకులయ్యారు. అదే రోజున మద్రాసులోని ఆంధ్ర మహిళా సభ కూడా పేరులో ఆంధ్రను నిలుపుకొని ఆంధ్రకు వెలుపల ఉండిపోయింది. సభ తలుపులు మూసుకోలేదు. మద్రాసులోని తెలుగువారికీ తమిళులకూ భేదం లేకుండా సేవ చేస్తూనే వచ్చింది. తరువాత హైదరాబాదుకూ విస్తరించింది. సరిహద్దులు మారినా రోగి బాధ మారదు. అందువల్ల సేవాసంస్థకు ఏ ఊరైనా స్వగ్రామమే అవుతుందని ఆ సంస్థ చరిత్ర నిరూపించింది.

పల్లెకు ముగ్గురు స్త్రీలు

సంక్షేమ మండలి 1954లో గ్రామాలలో సంక్షేమ విస్తరణ పథకాలను ప్రారంభించింది. సుమారు 25 గ్రామాలను ఒక సముదాయంగా తీసుకొని, అక్కడ బాలవాడి, ప్రసూతి సేవ, వయోజన స్త్రీలకు చదువు, చేతిపనుల శిక్షణ ఏర్పరచాలన్నది ప్రణాళిక. ఇందుకు గ్రామసేవిక, దాది, చేతిపనుల బోధకురాలు అనే ముగ్గురు స్త్రీలు ముఖ్యంగా కావాలి. ఈ పథకాలలోని బాలవాడిలో, 1975లో ప్రారంభమైన అంగన్‌వాడి కేంద్రాల పూర్వరూపం కనిపిస్తుంది.

పథకం బాగున్నది, డబ్బు ఉన్నది, గ్రామాలు ఎదురుచూస్తున్నవి. కాని పనిచేసేందుకు స్త్రీలు దొరకలేదు. పట్టణంలో చదివినవారు పల్లెకు వెళ్లి నివసించడానికి ఇష్టపడలేదు. పల్లెలో పుట్టి, పల్లె మాట తెలిసి, అక్కడే ఉండగలిగిన స్త్రీలకు శిక్షణలో చేరడానికి కావలసిన కనీస విద్యార్హత లేదు. ఒక వైపు ఖాళీగా ఉన్న ఉద్యోగాలు, మరొక వైపు ఆధారం లేక అలమటించే వితంతువులు, విడిచివేయబడిన భార్యలు. ఇద్దరి మధ్య అడ్డుగా నిలిచినది ఒక్క సర్టిఫికెట్టు.

ఇతరులైతే అర్హత తగ్గించమని కోరేవారేమో. దుర్గాబాయి ఆ పని చేయలేదు. తక్కువ అర్హత గల దాది చేతిలో ప్రాణం పోయేది పేదరాలిదే కదా. అందుచేత అర్హతను తగ్గించక, ఆ స్త్రీలనే అర్హత వరకు తీసుకొనిరావాలని నిశ్చయించారు. 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా శిక్షణక్రమం ప్రారంభమైంది. కొద్దిపాటి చదువు ఉన్న పెద్దవారిని స్వచ్ఛంద సంస్థల వద్ద ఉంచి, సుమారు రెండు సంవత్సరాలలో మిడిల్ లేదా మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేసేవారు. ఆపై వారు నర్సు, దాది, గ్రామసేవిక, బాలసేవిక, ఉపాధ్యాయురాలి శిక్షణలలో చేరేవారు. మైలాపూరులో కొద్దిమంది స్త్రీలతో జరిగిన ప్రయోగం ఆ విధంగా దేశవ్యాప్త పథకమైంది. దాని వెనుక, జైలు నుండి వచ్చి మెట్రిక్యులేషన్ పుస్తకాలు ముందు పెట్టుకొని కూర్చున్న ఒకనాటి యువతి స్వానుభవం ఉంది.

అదే కాలంలో స్త్రీవిద్య మీద భారత ప్రభుత్వం నియమించిన జాతీయ సంఘానికి ఆమె అధ్యక్షత వహించారు. బాలికల చదువు వెనుకబడినంత కాలం నర్సులు, ఉపాధ్యాయినులు కావలసినంత మంది దొరకరని, వారు దొరకనంత కాలం గ్రామ బాలికలు బడికి రారని, ఈ విషవలయాన్ని ఎక్కడో ఒకచోట ఛేదించాలని ఆ సంఘం కృషి సారాంశం.

ఆమె పనిలో తీరని కొరత ఒకటి మిగిలిన మాట కూడా చెప్పుకోవాలి. సంక్షేమ పథకాలలో గ్రామస్థాయి సేవికలకు జీతానికి బదులు గౌరవ వేతనం ఇచ్చే పద్ధతి మన దేశంలో స్థిరపడిపోయింది. సేవ అన్న మాటకు త్యాగమన్న అర్థాన్ని మాత్రమే తగిలించి, పనికి తగిన ప్రతిఫలాన్ని మరచిపోవడం జరుగుతూ వచ్చింది. అంగన్‌వాడి, ఆశా కార్యకర్తలు ఈ అన్యాయాన్ని గురించే పలుమార్లు వీధికెక్కారు. సేవను వృత్తిగా నిలపడానికి దుర్గాబాయి ప్రారంభించిన పని ఈ దిశలో ఇంకా పూర్తికాలేదనే చెప్పాలి.

సంధ్యాకాలం

మండలి బాధ్యతల నుండి తప్పుకున్న తరువాత కూడా ఆమె విశ్రమించలేదు. 1962లో ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలి అనే పరిశోధన సంస్థను నెలకొల్పారు. అంధుల సంక్షేమానికి ఢిల్లీలో పాఠశాల, పనిశాల ఏర్పడడానికి కృషి చేశారు. కుటుంబ వివాదాలను పరిష్కరించడానికి ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని 1950లలోనే ఆమె వాదించారు. ఆ కోరిక ఆమె మరణానంతరం, 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టంగా ఫలించింది. మధుర జైలులో మొదలైన ఆలోచన అంత దూరం ప్రయాణించింది.

తరువాత హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ కళాశాలలు, ఆసుపత్రి, నర్సింగ్ శిక్షణ, వయోజన విద్యాకేంద్రం విస్తరించడం కండ్లారా చూశారు. 1975లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ బిరుదుతో సత్కరించింది. 1981 మే 9న ఆమె పరమపదించారు.

మన బిడ్డలకు ఒక మాట

ఈ పాఠశాలలో చదువుకున్న, చదువుకుంటున్న బాలబాలికలారా! దుర్గాబాయి జీవితం మహనీయుల కథగా చదివి పక్కన పెట్టదగినది కాదు. రోగుల సేవ, వృద్ధుల సంరక్షణ, వికలాంగ శిశువుల శిక్షణ, తల్లీబిడ్డల ఆరోగ్యం అనే రంగాలలో ప్రవేశించదలచిన వారికి అందులో మూడు పాఠాలు ఉన్నాయి.

సేవచేయాలన్న కోరిక కలగగానే దానికి కావలసిన విద్య ఏమిటో విచారించుకోవాలన్నది మొదటిది. నేడు పి.యు.సి. ముగించినవారికి రెండు సంవత్సరాల సహాయక నర్సు శిక్షణ, మూడు సంవత్సరాల నర్సింగ్ డిప్లొమా, నాలుగు సంవత్సరాల బి.ఎస్‌సి. నర్సింగ్ ఉన్నాయి. ఆనాడు చదువు కోసం బళ్లారి బిడ్డ మద్రాసు దాకా వెళ్లవలసి వచ్చేది. 1961లో మన ఊరిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడిన తరువాత ఆ దూరం తగ్గింది.

భాషకు భయపడరాదన్నది రెండవది. దుర్గాబాయి తెలుగులో ఆలోచించి, పన్నెండేళ్ల వయస్సులో హిందీ నేర్చి, ఇరవై దాటిన తరువాత ఇంగ్లీషు పట్టుబట్టి నేర్చారు. వైద్య విద్య ఇంగ్లీషులోనే ఉన్నా, మన ఆసుపత్రుల వరండాలో కూర్చున్న రోగి ఇంగ్లీషు మాట్లాడడు. సిరుగుప్ప వైపు నుండి వచ్చే అవ్వ కన్నడంలో చెప్పవచ్చు, రాయదుర్గం వైపు నుండి వచ్చే తాత తెలుగులో చెప్పవచ్చు. నొప్పి ఎక్కడ ఉందో, ఎప్పటి నుండి ఉందో వారి మాటలోనే అడిగి తెలుసుకోగల నర్సు సగం చికిత్స అప్పుడే చేసినట్లు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం వింటూ పెరిగిన మన సరిహద్దు బిడ్డలకు ఈ శక్తి పుట్టుకతో వచ్చిన ఆస్తి. దానిని కొరతగా భావించడం పొరపాటు.

ఆలస్యమైందని అధైర్యపడరాదన్నది మూడవ పాఠం. ఈ మాట ముఖ్యంగా మన పూర్వ విద్యార్థినులకు, ఈ సంచిక చేత పట్టుకున్న తల్లులకు వర్తిస్తుంది. తొమ్మిదవ తరగతిలోనో పదవ తరగతిలోనో చదువు ఆగిపోయిన స్త్రీ ప్రతి వీధిలోనూ ఉన్నది. ఆమెకు అత్తగారి మందుల వేళ తెలుసు, పసిబిడ్డ ఏడుపులో ఆకలి ఏదో జ్వరం ఏదో తెలుసు. ఆ తెలివికి కొంత చదువు, కొంత శిక్షణ తోడైతే అది పదిమందికి పనికివచ్చే వృత్తి అవుతుంది. ఆగిన చోటు నుండి మళ్లీ మొదలుపెట్టడంలో అవమానం లేదని, రాజ్యాంగ సభలో కూర్చున్న ఒక స్త్రీ తన జీవితంతో చూపించారు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ అమ్మాయి నర్సు అవుతానన్నప్పుడు ఆ పని మనకెందుకని త్రోసివేయకండి. ఉపాధ్యాయులకు కూడా ఒక విన్నపం. బడి మానివేసిన బాలిక పేరు హాజరుపట్టీ నుండి కొట్టివేసినా, మనసులో మాత్రం ఉంచుకోండి. ఎప్పుడో ఒకనాడు ఆమె మళ్లీ గుమ్మంలోకి వచ్చి నిలబడవచ్చు. ఆనాడు ఆమెను వయస్సు అడగక, పలకరించి లోపల కూర్చుండబెట్టే పాఠశాలగా మన పాఠశాల శతజయంతి వరకు, ఆ తరువాత కూడా వర్ధిల్లుగాక.